ఎప్పటికీ తొంభై ఆరే

గోడకి బిగించిన తెర మీద నెంబరు 2041. యోగేశ్వరి చేతిలోని చీటీ మీద 2063. ఇంకా ఇరవై రెండు సార్లు ఆ గంట మోగాలి. గదులు మూడు, డాక్టర్లు ముగ్గురు, మనిషికి పది నిమిషాలు వేసుకున్నా గంటా పావు, మధ్యలో ఎవరైనా విసుగెత్తి వెళ్లిపోతే గంట. ఈ గంటలోనే చెప్పాలి. చెప్పకుండా ఆ తలుపు దాటితే డాక్టరు అడిగే మొదటి ప్రశ్నే అది, ఏడు నెలలుగా క్లినిక్‌కి ఎందుకు రాలేదు అంకుల్ అని. అప్పుడు నాయన చొక్కా జేబులోంచి ఫోను తీసి, అంతా బాగుందని ఇందులోనే ఉంది గదా డాక్టర్, మా అమ్మాయి చేసిన యాప్, అని చూపిస్తాడు. ఆ గర్వాన్ని పరాయి మనిషి ముందు చూడటం తన వల్ల కాదు. ఈలోపే, ఈ ప్లాస్టిక్ కుర్చీల వరసలోనే, పక్కన కూర్చున్న మనిషి వైపు తిరిగి, నాయనా, అది అబద్ధం, నేను పెట్టిన అబద్ధం, అనేయాలి. పొద్దున రాజధానిలో, కేఎల్ సెంట్రల్‌లో రైలెక్కిన దగ్గర్నుంచి ఇపో స్టేషన్లో దిగేదాకా ఆ ఒక్క వాక్యాన్నే నమిలింది. నమిలి నమిలి పిప్పి చేసింది గాని నోటి బయటికి రాలేదు. 2042.

కాంతయ్య చెప్పులు విడిచి కూర్చున్నాడు. విడవక ఏం చేస్తాడు, పాదాలు వాటిలో పట్టడం లేదు. హుటాన్ మెలింటాంగ్ జెట్టీలో నలభై ఏళ్లు పడవ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి, డీజిలు మరక లేని చొక్కా ఆయన ఒంటి మీద పెళ్లిళ్లకీ ఆసుపత్రులకీ తప్ప కనిపించదు, ఇవాళ ఆ తెల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు, కాళ్లు మాత్రం వేరే ఎవరివో తెచ్చి తగిలించినట్టున్నాయి. ఇందాక కారు దిగాక ఆమె వంగి చీలమండ పైన వేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది. ఎంతసేపు ఉంటుందో మనసులో లెక్కపెట్టింది, పనిలో అలవాటు, అడిగిన దానికి జవాబు ఎన్ని క్షణాల్లో వస్తుందో కొలవడం, పన్నెండు దాకా లెక్కపెట్టి ఇక చూడలేక ప్యాంటు అంచు కిందికి లాగేసింది. "ఏటే అలగ సూస్తన్నావు? నీరే గదా, దిగిపోద్ది లా" అన్నాడాయన, అక్కడి అందరిలాగే మాట చివర లా తగిలించి. నీరే. ఆ నీరు ఎందుకు నిలిచిందో ఆమె సంచిలో ఉన్న ఉత్తరంలో ఉంది, ఊళ్లో డాక్టరు పెద్దాసుపత్రికి రాసిన ఉత్తరం, ఇంగ్లీషులో, నాయన మడత విప్పని ఉత్తరం. క్రియాటినిన్ అనేది మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపేయాల్సిన చెత్త, అది రక్తంలో వంద చుట్టూ ఉంటే మనిషి బాగున్నట్టు. నవంబరులో నాయనకి రెండు వందల పన్నెండు. మొన్న మంగళవారం ఆరు వందల తొంభై. ఆయన జేబులోని ఫోనులో మాత్రం తొంభై ఆరు.

ఆ తొంభై ఆరు ఎక్కడిదో లోకంలో ఒక్క మనిషికే తెలుసు. కేఎల్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో పూలదండల కొట్టు మీద మూడో అంతస్తులో, మోనోరైలు వెళ్లినప్పుడల్లా గాజు తలుపు వణికే ఆఫీసులో, కిందటేడు ఒక మధ్యాహ్నం ఆమె వేళ్లే దాన్ని టైపు చేశాయి. తొంభై ఆరే ఎందుకంటే ఎందుకూ కాదు, గడిలో చక్కగా ఇమిడింది, ఆకుపచ్చగా వెలిగింది, అంతే. పద్ధతే అంత. ఫోనులో ఒక స్క్రీన్ ఉంటుంది, దానికి తనంతట తనకి ఏమీ తెలియదు. రక్తం సంగతి సర్వరుని అడగాలి, తారీకు గడియారాన్ని అడగాలి, ఎదురుగా ఉన్నది ఎవరో ఇంకొకళ్లని అడగాలి. స్క్రీన్ సరిగ్గా గీస్తోందో లేదో పరీక్షించడానికి వీళ్లందరినీ నిజంగా పిలిస్తే పని తెమలదు, సర్వరు ఒకపూట పలుకుతుంది ఒకపూట పలకదు, అందుకని వాళ్లని తప్పించి వాళ్ల కుర్చీల్లో మనం చెప్పమన్నదే చెప్పే ఉత్తుత్తి వాళ్లని కూర్చోబెడతారు. ఆఫీసులో మాక్ అంటారు. స్క్రీన్‌కి తేడా తెలియకూడదు, అదే మాక్ గొప్పతనం. రిపోర్టు ఎంత అంటే తొంభై ఆరు, నిన్న అడిగినా ఎల్లుండి అడిగినా, అడిగిన మనిషి బతికున్నా పోయినా. కొత్తగా చేరిన వాళ్లకి పాఠం చెప్పేది కూడా ఆమే, స్క్రీన్‌ని నమ్మిస్తే చాలు, లోకాన్ని నమ్మించక్కర్లేదు లా, అనేది, వాళ్లు నవ్వేవాళ్లు. టీమ్ పెద్ద రూబన్ ఒకసారి అందరి ముందూ, యోగేశ్వరి రాసిన మాక్ పక్కన నిలబడితే అసలు సర్వరే దొంగలా కనబడుతుంది, అన్నాడు. ఆ రోజంతా ఆ మాటే తలుచుకుని మురిసిపోయింది, సిగ్గు లేకుండా.

2046. ఎదురు వరసలో ఒక మలయ్ ముసలావిడ కూతురు భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది, కూతురు కదలకుండా ఒక్క చేత్తో ఫోను చూసుకుంటోంది. మందుల కిటికీ దగ్గర ఎవరో గట్టిగా దగ్గారు. కాంతయ్య సంచిలోంచి బిస్కట్ పొట్లం తీసి ఆమె వైపు చాపాడు. వద్దంది. ఆయన ఒకటి తీసుకుని కొరికి, మింగలేక, మిగతాది రుమాల్లో మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఆమె చూడలేదనుకుని. ఒకప్పుడు పడవ మీద నిలబడే నాలుగు రొట్టెలు తినేసి డబ్బాడు కోపీ తాగే మనిషి. నోట్లో ఇనప రుచి వస్తందని అమ్మతో అన్నాడట. అమ్మ నరసమ్మ ఆ మాట మార్చిలోనే ఫోనులో చెప్పింది, మీ నాయనకి ఏటీ సయించడం నేదే అని, అప్పుడు తనేమంది, యాప్‌లో అంతా పచ్చగానే ఉంది కదమ్మా, ఎండలకి అలాగే ఉంటాది, అంది. అమ్మ ఎదురుగా ఉన్న మనిషిని చూసి చెప్పింది, తను స్క్రీన్‌ని నమ్మి చెప్పింది. ఎవరిని నమ్మించడానికి రాసిందో వాళ్లకంటే ముందు తనే నమ్మేసింది.

దీపావళి సెలవుల్లోనే ఆ యాప్ నాయన ఫోనులోకి ఎక్కింది. ఆ వారమే క్లినిక్‌కి తోడు వెళ్లింది, వాళ్లు కాగితం కార్డులు మానేశాం, రిపోర్టూ తారీకూ ఇకమీదట ఫోనులోనే, అన్నారు, మూడు నెలల మాత్రలు ఇచ్చారు. ఆ ఫోనులో కనబడే స్క్రీన్లు చేసిన వాళ్లలో తనూ ఒకతె అని చెప్పుకోవాలని నాలుక దురద పెట్టింది గాని మిస్సీ, అంటే నర్సు, అప్పటికే వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక ఒక ఆలోచన వచ్చింది. పెద్ద అక్షరాలు పెట్టుకునే ముసలివాళ్లకి స్క్రీన్ ఎలా కనిపిస్తుందో చూడాలని ఆఫీసులో అందరూ అంటారు, చూసిన వాడు లేడు, ఆఫీసులో ముసలివాళ్లు లేరు కదా. నాయన ఫోనుందిగా. అక్షరాలు చింతపిక్కలంత పెట్టుకుంటాడు. నదీ ముఖాన ఉన్న ఆ ఇంట్లో నెట్‌వర్కు సరిగా అందదు, అందకపోతేనేం, మాక్ ఉన్న పరీక్ష యాప్‌కి నెట్‌వర్కుతో పని లేదు. వేసింది. పరీక్ష యాప్‌కి మూల మీద నారింజరంగు పట్టీ ఒకటి ఉంటుంది, ఇది ఉత్తుత్తిది అని తెలియడానికి, ఆ పట్టీ పెద్ద అక్షరాల మధ్య సరిగ్గా ఆయన పేరు మీద పడింది. "ఏటే ఇది, నా పేరు మీద పడిపోనాది, తీసెయ్యి" అన్నాడు. తీసేసింది. రెండు నిమిషాల పని. ఫోటో తీసుకుంది. ఇక దీన్ని తుడిచేసి అసలుది వేద్దామనుకుంటుండగా అమ్మ వంటింట్లోంచి పీతల కూర ఉప్పు చూడమని పిలిచింది. వెళ్లింది. ఉప్పు చూసింది. తర్వాత మేనమామ కొడుకు కృష్ణకుమార్ పిల్లల్ని తీసుకుని వచ్చాడు, కాకరపువ్వొత్తులు, పొగ, నవ్వులు, తెల్లారి బస్సు. అంతే. ఇంత పెద్ద దానికి ఇంత చిన్న కారణమేనా అని మూడు రోజులుగా వెతుకుతోంది. ఇంకేమీ దొరకలేదు. పీతల కూర, మతిమరుపు.

రిపోర్టు ఒక్కటే అయితే మాత్రలు అయిపోయాకైనా వెళ్లేవాడేమో. తారీకు కూడా ఉంది మరి. మాక్‌లో తారీకు గట్టిగా రాసేస్తే నెల తిరిగేసరికి పాతబడుతుంది, పరీక్ష తప్పుతుంది, అందుకని తెలివైనవాళ్లు ఫలానా తారీకు అని రాయరు, ఇవాళ్టి నుంచి ఇన్ని రోజులకి అని రాస్తారు. ఆమె తెలివైనదే. ఇవాళ్టి నుంచి తొంభై రోజులు, అని రాసింది. నాయన నవంబరులో తెరిస్తే డాక్టరు ఫిబ్రవరిలో రమ్మన్నాడు. ఫిబ్రవరిలో తెరిస్తే మేలో రమ్మన్నాడు. పొద్దున్నే జెట్టీకి వెళ్లే ముందు గుమ్మం మీద కూర్చుని ఆయన చూసుకున్న ప్రతిసారీ ఆ రోజు ఒక్క రోజు అవతలికి జరిగిపోయింది. ఎన్నటికీ రాని రోజొకటి తయారుచేసి కన్నతండ్రి చేతిలో పెట్టి, తను బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరటాకులో అన్నం తింటూ ఆదివారం ఆదివారం ఫోను చేసేది. చూసుకున్నావా నాయనా. సూసినాను. ఎలాగుంది. పచ్చగుంది. మాత్రలు వేసుకుంటున్నావా. ఏసుకుంటన్నాన్లే. అక్కడితో ఆ మాట అయిపోయేది, తర్వాత వాన గురించి, చేపల గురించి. ఉగాదికి రమ్మని అమ్మ అడిగింది. యాప్ కొత్తది విడుదల చేస్తున్నాం, కుదరదు, అంది. కుదిరి ఉంటే ఆ ఫోను ఒక్కసారి చేతిలోకి తీసుకుని ఉంటే. ఈ ఉంటేలకి అంతు లేదు, రైల్లో తంజోంగ్ మాలిమ్ దాటేదాకా అవే.

కాళ్లు వాచాయని ఊళ్లో డాక్టరు దగ్గరికి మావని బలవంతంగా లాక్కెళ్లిన కృష్ణకుమార్ మంగళవారం ఆ ఉత్తరం ఫోటో పంపాడు. ఆరు వందల తొంభై అని చదివి, ఎవరిదో రిపోర్టు మారిపోయిందనుకుంది ముందు. అమ్మ ఫోనుకి వీడియో కాల్ చేసి, నాయనా, దీంతో నీ ఫోను చూపించు, అంది. చూపించాడు. మసగ్గా, వణుకుతూ, పచ్చరంగులో తొంభై ఆరు. దాని కింద ఆగస్టులో ఒక తారీకు. మూల మీద పట్టీ లేదు. ఆఫీసులో పక్క కుర్చీలో ఎవరో ఏదో అడుగుతున్నారు, ఆమెకి వినబడలేదు. తనని కన్నవాళ్లని చూడనంత మాత్రాన వాళ్లకేమీ కాదనుకుంది, ప్రతి ఆదివారం రెండు ముక్కల జవాబు తీసుకుని అదే కన్నతండ్రి అనుకుంది. ఈ ఏడుపు అప్పుడు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. 2053.

గంట మోగడం ఎందుకింత తొందర పెరిగింది? ఎవరో నలుగురు వెళ్లిపోయినట్టున్నారు. ఇంకా పది. నాయన వైపు చూసింది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదుటి గోడ మీద చేతులు కడుక్కునే బొమ్మలు చూస్తున్నాడు, ఆమె చిన్నప్పుడు బస్సు కోసం కూర్చున్నట్టే, ఏ హడావిడీ లేకుండా. ఈ నెమ్మదే ఆమెకి అర్థం కావడం లేదు. కాళ్లు ఇలా ఉబ్బితే మామూలుగా అయితే ఇల్లు పీకి పందిరేసేవాడు, ఇంజను నట్టు ఒకటి కనబడకపోతే జెట్టీ అంతా తిట్టే మనిషి. ఇందాక కృష్ణకుమార్ కారు పార్కింగుకి తీసుకెళ్తూ, ఆమెని పక్కకి పిలిచి, "మావ స్పానర్లన్నీ నాకే ఇచ్చేసినాడు, తెల్సా? పెట్టితోటి. మార్చిలోనే. ఎందుకు మావా అంటే, ఉంచరా, నీకు పనికొస్తాయి అన్నాడు. నాకేటో బాగోనేదు యోగీ" అన్నాడు. స్పానర్ల పెట్టె. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. ఆమె ఐదో ఏట అందులోంచి ఒకటి తీసి బొమ్మకి పడక చేస్తే వీపు విమానం మోత మోగించాడు. దాన్ని ఇచ్చేశాడట. పనిచేసే ఓపిక లేకే అనుకుంది. అలా అనుకోవడమే సుఖం. 2055.

చెప్పాలి. ఇప్పుడు. నాయనా, అని పిలవబోయింది. ఆయనే ముందు నోరు విప్పాడు, ఆమె వైపు తిరక్కుండా, గోడ మీది బొమ్మలతో చెబుతున్నట్టు.

"డాక్టరు ఎందుకు రానేదని అడిగితే నువ్వు నోరిప్పకు. జెట్టీలో పనుండి రానేకపోనానని నేను సెప్తాను."

"అదేటి నాయనా?"

"అదేటంటావేటే. నెంబర్లు నువ్వే మార్సినావని తెలిస్తే నీ ఉజ్జోగం ఉంచుతారేటి?"

తెలుసు. ఈయనకి తెలుసు. "నీకు తెలుసా?" అంది.

"మొదటి వారవే తెల్సింది లా" అన్నాడు కాంతయ్య, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పినంత తేలిగ్గా. "ఆ నెంబరు ఎక్కడవే గాని దిగడం ఉండదు, ఎక్కకుండా సూసుకో అంకుల్, అని మిస్సీ సెప్పింది గదా. రొండొందల పన్నెండు, నాలుగు రోజుల్లో తొంబయ్యారు ఎలగైపోద్ది? తారీకు సూస్తే రోజూ జరిగిపోతంది. నేను సదువుకోనేదు గాని ఎర్రోణ్ని కాదు. ఆ రోజు డాక్టరు నీతోటి ఇంగిలీసులో అంతసేపు మాటాడినాడు. బయటికొచ్చి ఉప్పు తగ్గించమన్నాడని ఒక్క ముక్క సెప్పినావు. అంతసేపూ ఉప్పు గురించేనేటి? అయిపోనాదని సెప్పుంటాడు, నాకు సెప్పనేక ఫోన్లో ఇలగ పెట్టిందిలే మా యోగీ, అనుకున్నాను. మీ మామ్మకి మాత్రం మనం సెప్పినామా?"

మామ్మ. పద్నాలుగేళ్లు తనకి. నాయన తల్లి అప్పలమ్మకి కడుపులో క్యాన్సరని తెలిసిన సాయంత్రం నాయన అందరినీ వంటింట్లోకి పిలిచి తలుపేశాడు, పుండు, పుండనే అనాల, ఒవులు నోరు జారినా తోలు తీస్తాను, అన్నాడు, ఆ మాట అంటున్నప్పుడు ఆయన గడ్డం వణికింది. రబ్బరు తోటలో పుట్టి, తోటలో పెరిగి, అక్షరం ముక్క రాని మామ్మ అందరినీ వదిలేసి బడికెళ్లే మనవరాలినే అడిగింది, పక్కలోకి లాక్కుని, వీపు మీద చెయ్యేసి, పుండేనేటే అమ్మీ? పుండే మామ్మా, అంది తను, కళ్లలోకి చూస్తూ, రెప్ప వేయకుండా. మామ్మ ఊపిరి వదిలి, అయితే తగ్గిపోద్ది, అంది. గుమ్మం అవతల నాయన విన్నాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర తన కంచంలో పెద్ద చేపముక్క వేసి తల నిమిరాడు. నాయన తల నిమరడం అదే మొదలు, మళ్లీ పెద్ద ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అంత నెమ్మదిగా నిమరలేదు. అబద్ధం చక్కగా చెప్పినందుకు. ఆ తల నిమిరిన చేతికి ఇరవై ఏళ్ల తర్వాత తను అదే పని చేసి చూపించిందని ఆయన ఏడు నెలలుగా నమ్ముతున్నాడు. రోజూ పొద్దున్నే తొంభై ఆరు చూసుకుని, కూతురు తన కోసం ఇంత బాధ కడుపులో దాచుకుందనుకుని, దాన్ని చెడగొట్టకూడదని పచ్చగుంది అని జవాబిస్తూ.

"అందుకే ఎల్లనేదు" అంటున్నాడాయన. "పోయేవోడికి సూదులెందుకు, నీకూ అమ్మకీ తిప్పటెందుకు. మాత్రలు అయిపోనాక మల్లీ తేలేదు. కిట్టకుమార్‌కి స్పానర్ల పెట్టి ఇచ్చేసినాను. నువ్వేటీ బాదపడకు. నువ్వు సేసింది మంచిపనే."

ఇక్కడ ఊరుకుంటే సరిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకి తన మీద తనకి అసహ్యం వేసింది, అయినా అది పోలేదు, పక్కన చతికిలబడింది. ఏమీ చెప్పక్కర్లేదు. ఔను నాయనా, నీ కోసమే, అని చెయ్యి పట్టుకుంటే చాలు. ఆయనకి ప్రేమగల కూతురు మిగులుతుంది, తనకి ఉద్యోగం మిగులుతుంది, తప్పు ఎక్కడా మిగలదు. కానీ ఆ డాక్టరు నిజంగానే ఉప్పు గురించే మాట్లాడాడు. ఉప్పు, ఎండుచేపలు, జెట్టీలో వాళ్లు మింగే నొప్పి మాత్రలు, మూడు నెలలకోసారి రక్తం, జాగ్రత్తగా ఉంటే ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకురావచ్చు, అన్నాడు. ఏళ్ల తరబడి అన్నాడు. అవన్నీ తెలుగులో చెప్పడానికి బద్ధకమేసి, బయట ఎండగా ఉందని, ఉప్పు తగ్గించమన్నాడు అని తేల్చేసింది. అయిపోనాది అని ఎవరూ అనలేదు. బతకాల్సిన మనిషి, బతకొచ్చన్న మాట తను మింగేసినందుకు, ఒక మతిమరుపుని ప్రేమనుకుని, పెట్టె ఇచ్చేసి కూర్చున్నాడు. ఈ ప్రేమ తనది కాదు. దీన్ని దగ్గర పెట్టుకుని ఆయన చావుకి ఎలా కూర్చుంటుంది? 2060.

"నాయనా" అంది. "నేనేటీ దాచనేదు. మర్చిపోనాను."

"ఏటి మర్చిపోనావు?"

"అది ఉత్తుత్తి యాప్. నా పనికోసం నీ ఫోన్లో వేసినాను. అక్షరాలు ఎలగుంటాయో సూడ్డానికి. అందులో నెంబర్లు నీవి కావు, ఒవులివీ కావు. నేనే ఏదో కొట్టినాను. తీసేసి అసలుది ఎయ్యాల. మర్చిపోనాను. డాక్టరు నిజంగా ఉప్పు గురించే సెప్పినాడు."

కాంతయ్య అప్పుడు తిరిగి చూశాడు. తిడతాడనుకుంది, తిట్టాలని కోరుకుంది, జెట్టీ అంతా వినబడేలా తిట్టే ఆ గొంతుతో ఈ ఆసుపత్రి కప్పు లేచిపోవాలని కోరుకుంది. ఆయన తిట్టలేదు. నుదుటి ముడతలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి, కళ్లు తడిసాయి, పెదవి మీద వెర్రి నవ్వొకటి మొదలైంది.

"అయితే అయిపోనాదని నీకెవులూ సెప్పనేదా?"

"నేదు నాయనా."

"డాక్టరు అననేదా?"

"అననేదు."

"ఓలమ్మో" అన్నాడు, తొడ మీద చరుచుకుని. "అయితే నాకేటీ నేదన్నమాట! ఊరికే బయపడి సచ్చినాను సూడు! ఏడు నెల్లే! రాత్తుళ్లు మీ అమ్మకి తెల్దు, నేను నిద్దరే పోనేదు. ఒసే యోగీ, ఎంత పని సేసినావే" అని నవ్వాడు, తిట్టు కాదు, మురిపెం. "కాల్లకి నీరంటే సూదితో లాగేస్తారు. కిట్టకుమార్‌కి ఇప్పుడే సెప్పాల, స్పానర్లు ఎనక్కి ఇచ్చీమని. జెట్టీలో ఆ తోకే, పడవల సావుకారు, రెండు ఇంజన్లు పెట్టుకుని నా కోసం కూకున్నాడు, ఒల్లన్నాను." చెప్పులు వెతుక్కుంటూ ముందుకి వంగాడు, ఉబ్బిన వేళ్లని అందులోకి తోసుకుంటున్నాడు, పట్టడం లేదు, అయినా తోస్తున్నాడు. ఎదురు వరసలో ముసలావిడ నిద్రలేచి ఆయన నవ్వు చూసి తనూ నవ్వింది. ఈ మొహాన్ని ఇంకాసేపు ఇలాగే ఉంచమని ఎవరిని అడగాలి? అడిగితే వినేవాళ్లు ఎవరూ లేరు. లోపల ఉన్నది డాక్టరు. ఆయన నిజం రిపోర్టు చూసి నిజమే చెబుతాడు.

గంట మోగింది. 2063, రెండో గది.

కాంతయ్య లేవబోయాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. సంచిలోంచి ఉత్తరం తీసింది.

"కూకో నాయనా. ఒక్క మాట. ఆరొందల తొంబై ఉంది."

"ఒవులికి?"

"నీకే. మొన్న తీసిన రక్తం."

నవ్వు వెంటనే పోలేదు. పెదవి మీద కాసేపు అలాగే ఉండిపోయింది, కళ్లలోంచి మాత్రం ముందే పోయింది. నెంబర్లు ఆయనకి తెలుసు, ఎక్కడమే గాని దిగడం లేని నెంబరని తెలుసు, రెండు వందల పన్నెండు నుంచి ఆరు వందల తొంభై ఎంత దూరమో లెక్కలు రాకపోయినా తెలుసు. "ఇది నిజవేనా?" అన్నాడు, చాలా నెమ్మదిగా. నిజమే, అంది. ఇంత పెద్ద మనిషి తన మొహంలో ఏదో వెతుకుతుంటే ఎటు చూడాలో ఆమెకి తెలియలేదు. "ఫిబ్రవరిలో ఎల్లుంటే?" అన్నాడు మళ్లీ. ఆమె ఏడ్చేసింది. ఎప్పుడో రావాల్సిన ఏడుపు, ఇంతమందిలో, ముక్కు తుడుచుకోవడానికి కూడా వీల్లేకుండా. ఆయన ఓదార్చలేదు, విసుక్కోలేదు, ఏడుపు అయ్యేదాకా ఉన్నాడు.

గంట రెండోసారి మోగింది. గదిలోంచి మిస్సీ తల బయట పెట్టి కాంతయ్యా, కాంతయ్యా, అని పిలిచింది. ఆయన ఆమె చేతిలోంచి ఉత్తరం తీసుకున్నాడు. చెప్పులు అక్కడే వదిలేసి లేచాడు. ఆమె కళ్లు తుడుచుకుని సంచి భుజానికి తగిలించుకుంది.

"నువ్వు కూకో" అన్నాడు.

"లోపల ఇంగ్లీషులో సెప్తారు నాయనా."

"మలయ్‌లో సెప్పమంటాను. నువ్వుంటే డాక్టరు నీకు సెప్తాడు, నువ్వు నాకు ఒక ముక్క సెప్తావు. ఈపాలి నాకే సెప్పనీ."

గొంతులో కోపం లేదు. ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఆయన గోడ ఆసరాగా చెయ్యేసి, వట్టి కాళ్లతో, ఒక్కో అడుగూ చూసుకుంటూ రెండో గదిదాకా నడిచాడు, లోపలికి వెళ్లి, తలుపు తనే మూసుకున్నాడు.